రొయ్య రేటు పడ్డాక మీ ఇంట్లో ఏం మారింది? చెరువు లేనివాళ్ళు కూడా చెప్పండి

ఆకివీడు కోడలు (8 నవంబర్ 2025)
మా మామగారు నాలుగెకరాలు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్య వేస్తారు. ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయిన దగ్గర్నుంచి ఇంట్లో రోజూ ఇదే మాట. పేపర్లో రైతుల గురించి, ఎగుమతిదారుల గురించి వస్తోంది. మిగతావాళ్ళ సంగతి ఎక్కడా కనబడదు. మా చెరువు గట్టు మీద ఆరేళ్ళుగా కాపలా ఉంటున్న కుటుంబాన్ని పోయిన నెల పంపించేయాల్సి వచ్చింది. వాళ్ళ పిల్లాడు ఇక్కడి స్కూల్లోనే మూడో తరగతి. ఆ రోజు మామగారు అన్నం ముట్టలేదు. మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి.

ఉండి రైతు
మీ మామగారి బాధ నాకు తెలుసమ్మా. 2013 నుంచి ఇదే సాగు. ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాల మాట ఎత్తగానే, ఇంకా అమల్లోకి రాకముందే ఇక్కడ కొనేవాళ్ళు రేటు కోసేశారు. వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా అన్నారు. రేటు మాత్రం దిగినంత తొందరగా ఎక్కలేదు. అమెరికాకు ఎక్కువగా పోయేది 30, 40 కౌంట్, అంటే కిలోకి అన్నే తూగే పెద్ద రొయ్య. దాన్ని పెంచాలంటే ఇంకా నెల పైన మేత వెయ్యాలి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిప్పాలి, వైట్ స్పాట్ జబ్బు వస్తుందేమోనని రాత్రుళ్ళు నిద్ర ఉండదు. అంత చేసినా గిట్టదని చాలామంది 100 కౌంట్‌కే పట్టేస్తున్నారు. అందరూ ఒకేసారి పట్టేసరికి ఆ రేటూ నిలవట్లేదు.

అసలు ఉరి మేత అప్పు. ఖర్చులో సగానికి పైగా మేతే. నగదు ఇస్తే ఒక రేటు, అప్పు మీదైతే బస్తాకి ఎక్కువ. పైగా సరుకు ఆ అప్పు ఇచ్చినవాళ్ళు చెప్పిన ఏజెంటుకే తూయాలి. రేటు బాగున్నప్పుడు ఇది ఎవరికీ కనబడలేదు.

కాకినాడ డిగ్రీ
అక్కా, మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా అమ్మ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పీలింగ్, అంటే పొట్టు తీసే పని చేస్తుంది. కిలోల లెక్కన కూలి. పోయినేడు నెలకు 25, 26 రోజులు కంపెనీ బస్సు వచ్చేది. సెప్టెంబరులో 13 రోజులే వచ్చింది. బస్సు రాని రోజు ఏమీ రాదు. పని మానేయమని ఎవరూ చెప్పలేదు, అందుకని వేరే పని చూసుకోవడానికీ లేదు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వస్తే తెల్లారి నాలుగింటికి రోడ్డు మీద ఉండాలి.

పెద్ద టెన్షన్ డ్వాక్రా వాయిదా. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్ళు సర్దుతారు కదా, ఇన్నేళ్ళూ అలాగే నడిచింది. మా గ్రూపులో పదిమందిలో ఏడుగురు అదే షెడ్డు. ఇప్పుడు ఒకేసారి ఏడుగురి చేతులూ ఖాళీ. ఎవరికెవరు సర్దాలి? నా మూడో సెమిస్టర్ ఫీజు కోసం అమ్మ చెవి కమ్మలు తీసింది. పదేళ్ళు ఐసు నీళ్ళలో పెట్టి గోళ్ళు పుచ్చిపోయిన చేతులతో తీసి ఇచ్చింది.

మియాపూర్ వాసి
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది తల్లీ. నాదొక అనుమానం. అక్కడ రేటు పడిపోయిందంటున్నారు, హైదరాబాదులో మేం కొనే రొయ్య మాత్రం పాత రేటే. మధ్యలో తేడా ఎటు పోతోంది?

ఉండి రైతు
మా జిల్లాలో సరుకంతా ప్లాంటుకు పోయేలా అల్లుకుపోయిందండి. పట్టిన గంటలో ఐసు వేసి లారీ ఎక్కిస్తాం. హైదరాబాదులో వీధి వీధికీ అమ్మడానికి కోల్డ్ స్టోరేజీలు, చిన్న వ్యాన్లు, తలకాయ తీసి శుభ్రం చేసిచ్చే మనుషులు కావాలి. అది ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టలేదు. తప్పు మాది కూడా. డాలర్లు వస్తుంటే పక్కింటివాడికి అమ్ముదామన్న ఆలోచనే రాలేదు.

మియాపూర్ వాసి
చెరువు రొయ్యలంటే మందుల రొయ్యలని మా ఇంట్లో భయం కూడా ఉంది. ఎగుమతి సరుకుకు చేసే యాంటీబయాటిక్ పరీక్ష మాకు అమ్మే సరుకుకూ చేసి చూపిస్తే వారం వారం కొంటాం.

డల్లాస్ నుంచి
ఇక్కడి మాట ఒకటి. మేం కొనే ఫ్రోజెన్ ప్యాకెట్ మీద ఇదివరకు ఇండియా అని ఉండేది. ఈ మధ్య ఎక్కువసార్లు ఈక్వడార్ కనబడుతోంది. వాళ్ళ మీద సుంకం 15 శాతమే. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆకివీడు కోడలు
అందరికీ నమస్కారం. కాకినాడ చెల్లీ, నీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను.

మా సంగతీ చెప్తాను. లీజు డబ్బు కోసం నా నగలు బ్యాంకులో ఉన్నాయి. బంగారం పది గ్రాములు లక్ష దాటింది కాబట్టి అదే నగ మీద ఇంకా అప్పు ఇస్తామన్నారు. ఊళ్ళో చాలామంది తీసుకున్నారు కూడా. చేతికి డబ్బొచ్చినట్టే ఉంటుంది, పాత వడ్డీ మీద కొత్త వడ్డీ పడుతుంది. వద్దని నేను పట్టుబట్టాను. రెండెకరాలు వదిలేసుకున్నాం. మిగతా రెండింట్లో రొయ్య పిల్లను పలచగా వేద్దామని ఆలోచన.

ఉండి రైతు
మంచి పని చేశావమ్మా. పలచగా వేస్తే మేత, కరెంటు రెండూ తగ్గుతాయి, జబ్బు భయం కూడా తక్కువ. ఆస్ట్రేలియా పోయిన నెల మన పొట్టు తీయని రొయ్యకు దారి తెరిచింది. అది ఎంత కొంటుందో చూడాలి. కాకినాడ అమ్మాయీ, మీ గ్రూపువాళ్ళంతా కలిసి బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్ళి వాయిదా గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. బకాయి పడకముందే అడగాలి, పడ్డాక మాట వినరు.

కాకినాడ డిగ్రీ
సోమవారం వెళ్తున్నాం బాబాయిగారూ. అర్జీ నేనే రాశాను.

ఆకివీడు కోడలు
మా కాపలా కుటుంబం కబురు తెలిసింది. శ్రీకాకుళం వైపు సొంతూళ్ళోనే ఉన్నారట. పిల్లాడి టీసీ ఇంకా తీసుకోలేదు, ఇక్కడి స్కూల్లో పేరు అలాగే ఉంది. జనవరిలో పిల్ల వేస్తే రమ్మని మామగారు నిన్న ఫోన్ చేశారు.