కార్డు టెస్టు నెగెటివ్ వచ్చాక ఎలైజా ఎందుకు?

ప్రశ్న (ఖమ్మం నుంచి):
మా తమ్ముడికి 24 ఏళ్లు. సోమవారం చలితో జ్వరం మొదలైంది, 103. కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా కొట్టినట్టుందంటాడు. బుధవారం మా వీధి చివర ల్యాబులో కార్డు మీద డెంగీ టెస్టు చేశారు. ఎన్‌ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఐజీఎం, ఐజీజీ (ఒంట్లో పుట్టే యాంటీబాడీలు) మూడూ నెగెటివ్. ఇవాళ శుక్రవారం, జ్వరం అలాగే ఉంది. డాక్టరు గారు ఎలైజా అనే ఇంకో రక్తపరీక్ష రాశారు. నెగెటివ్ అన్నాక మళ్లీ డబ్బులు దండగ అంటున్నారు నాన్న. రెండేళ్ల కిందట వాడికి ఒకసారి డెంగీ వచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు 1:
మా అబ్బాయికీ ఇలాగే కార్డులో ఏమీ రాలేదు, ఎలైజాలో పాజిటివ్. చేయించండి.

జవాబు 2:
చెల్లీ, నేను పదకొండేళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. రెండేళ్ల కిందట వచ్చిందన్నారే, అసలు సంగతి అక్కడే ఉంది. రెండోసారి సోకినప్పుడు పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్1కి అతుక్కుంటాయి, కార్డు దాన్ని పట్టలేకపోవచ్చు. బుధవారానికి మూడో రోజే కదా, ఐజీఎం ఇంకా పుట్టి ఉండదు. అది సాధారణంగా నాలుగైదు రోజులకు గానీ కనబడదు. అందుకే ఆ నెగెటివ్‌ని నమ్మి కూర్చోవద్దు.

కార్డు చదవడంలోనూ తేడాలొస్తాయి. కిట్‌ని బట్టి పదిహేను, ఇరవై నిమిషాల్లో చూడాలి. సన్నటి గీత ఉందా లేదా అని ట్యూబులైటు కింద ఇద్దరం వంగి చూసిన రోజులున్నాయి. గంట తర్వాత తేలిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు. ఎలైజాలో ఆ అనుమానం ఉండదు. గుంటల ప్లేటులో పసుపు రంగు ఎంత చిక్కగా వచ్చిందో మిషను కొలిచి అంకె ఇస్తుంది. ఆలస్యం ఎందుకంటే ప్లేటుకి 96 గుంటలు, కంట్రోళ్లూ (ఫలితం ముందే తెలిసిన శాంపిళ్లు) పెట్టాలి, తగినన్ని శాంపిళ్లు పోగైతేనే నడుపుతాం. డెంగీ నియంత్రణ జాతీయ కార్యక్రమం కూడా కార్డుతో నిర్ధారించమనదు. మొదటి అయిదు రోజులకు ఎన్‌ఎస్1 ఎలైజా, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా అంటుంది. ఇవాళ అయిదో రోజు కాబట్టి రెండూ ఒకే రక్తంలో చేయమనండి. ప్రభుత్వ సెంటినల్ (డెంగీ నిఘాకు ఎంపిక చేసిన) ఆసుపత్రుల్లో ఉచితం, నాన్నగారికి ఆ మాట చెప్పండి.

ఐజీఎం పాజిటివ్ వచ్చినా అది రెండు మూడు నెలలు ఉంటుంది, ఈ మధ్యే వచ్చి పోయిన జ్వరానిదీ కావచ్చు. డాక్టరుకి తేదీలన్నీ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే రక్తం ఇచ్చి వచ్చాం అన్నా. రిపోర్టు రేపు సాయంత్రం. అంతదాకా?

జవాబు 2:
రిపోర్టు కోసం ఆగకండి. పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు. రోజూ ప్లేట్‌లెట్లతో పాటు హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూడమనండి. జ్వరం దిగిన రోజే ఎక్కువ జాగ్రత్త. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, అయిదారు గంటలు మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.