క్రైస్తవ విశ్వాసులై సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాసేవారి బృందంలో చేరడం గురించి మీ అనుభవాలు తెలుపగలరు

హనుమకొండ_ఫిజిక్స్:
అందరికీ వందనాలు. నేను హనుమకొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. సండే స్కూల్ పిల్లల కోసం చిన్న కథలు రాస్తూ వచ్చిన నేను ఇప్పుడు కొంత పెద్ద కథ మొదలుపెట్టాను. అంగారకుడి మీద స్థిరపడిన ఒక తెలుగు సంఘం తన ఆరాధనను, పెండ్లిళ్లను, సమాధులను అక్కడ ఎలా నిలుపుకున్నదన్నది అందులోని విషయం. ఊరిలోని కథకుల సమావేశంలో చదివినప్పుడు, ప్రార్థన వచ్చిన చోటల్లా అది మతప్రచారంగా ఉందన్నారు. మా సంఘ పెద్దలకు చూపినప్పుడు, అంతరిక్ష నౌకలు పిల్లల ఆట కదా, బైబిలు వాక్యానుసారమైన కథ రాయరాదా అన్నారు. ఇటువంటి స్థితిలోనే ఉన్న కొందరు విశ్వాసులు బృందంగా ఏర్పడి ఒకరి రాతప్రతులను ఒకరు చదువుకుంటున్నారని తెలిసింది. అందులో ఉన్న పరిచయస్థురాలు ఒకరు నన్ను కూడా చేరమంటున్నారు. చేరేముందు ఇటువంటి బృందాలలో ఉన్నవారిని కొన్ని సంగతులు అడగదలచాను. విశ్వాస ప్రమాణాన్ని అంగీకరించమని అడుగుతారా, అడిగితే అది కథకు అడ్డు కాదా? తెలుగులో రాసేవారికి చోటు ఉంటుందా? ముగియని కథను ముఖపరిచయం లేనివారి చేతిలో పెట్టడం క్షేమమేనా?

కాజీపేట_కేబిన్:
మాస్టారూ, వందనాలు. నేను రైల్వే ఉద్యోగిని, ఫాతిమానగర్ కథీడ్రల్‌కు చెందిన కాథలిక్కుని. నేనున్న బృందంలో బాప్టిస్టులు, సీఎస్ఐ వారు, పెంతెకొస్తు వారు అందరూ ఉన్నారు. చేరేటప్పుడు అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని అంగీకరిస్తారా అని మాత్రమే అడిగారు. బాప్తిస్మం ఏ వయసులో, మరియమ్మ స్థానం ఏమిటి, భూమి వయసు ఎంత అన్న ప్రశ్నల మీద వాదించడానికి అక్కడ అనుమతి లేదు. భూమి వయసు సంగతి మీకు చిన్నదిగా తోచవచ్చు కాని, సైన్స్ ఫిక్షన్ రాసే విశ్వాసుల మధ్య అన్నిటికంటే త్వరగా రగిలే వాదం అదే. సృష్టి ఆరు దినాలను అక్షరార్థంగా తీసుకునేవారూ, కోట్ల ఏళ్ల కాలాన్ని అంగీకరించేవారూ ఒకే బృందంలో ఉండాలంటే, కథ తాను పెట్టుకున్న లోకానికి తాను కట్టుబడి ఉన్నదా అన్నది మాత్రమే చూడాలని నియమం పెట్టుకోక తప్పలేదు.

అక్కడి పద్ధతి ఇది. ముందు ఇతరుల అధ్యాయాలు చదివి అభిప్రాయం రాయాలి, ఆ తరువాతనే మన అధ్యాయం పెట్టాలి. తనది పెట్టి మెచ్చుకోళ్ల కోసం ఎదురుచూసేవారు ఎక్కువ కాలం నిలవరు. ఈ నియమం లేని బృందంలో నేనైతే చేరను.

మీరు రాస్తున్నది అంగారకుడి గురించే కనుక ఒక ఉదాహరణ చెబుతాను. మా బృందంలో ఒక సహోదరి కథలో అంగారకుడి మీది చిన్న మందిరంలో ఆదివారం ఉదయం గంట మోగుతుంది. అది ఎవరి ఆదివారం అని ఒక పాఠకుడు అడిగాడు. అంగారకుడి మీద ఒక పగలు, ఒక రాత్రి కలిపి 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అంటే అక్కడివారు సూర్యోదయాన్ని బట్టి దినాలు లెక్కిస్తే, ఇంచుమించు 36 దినాలకు భూమి లెక్కతో ఒక దినం తేడా పడుతుంది. భూమి మీది సంఘంతో కలిసి ఆరాధించాలనుకుంటే వారి ఆదివారం ఒకసారి తెల్లవారుజామున, మరొకసారి నడిరాత్రి మొదలవుతుంది. తమ సూర్యుణ్ణి అనుసరిస్తే భూమి మీది సంఘంతో పొత్తు తెగుతుంది. ఆ సహోదరి కథను మళ్లీ రాసినప్పుడు, ఒకే మందిరంలో రెండు ఆదివారాలు పాటించే రెండు కుటుంబాలు, వారి మధ్య ఆగిపోయిన వియ్యం వచ్చి చేరాయి. లెక్క తెలిసినవాడు ఉండి విశ్వాసం తెలియకపోయినా, విశ్వాసం తెలిసి లెక్క తెలియకపోయినా ఆ ప్రశ్న పుట్టదు. నేను ఇంకా ఆ బృందంలో ఉన్నది ఇటువంటి ప్రశ్నల కోసమే.

వరంగల్_కథకుడు:
కాజీపేట వారి మాట కాదనను కాని, ప్రత్యేకంగా క్రైస్తవ బృందం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన భాషలో గుర్రం జాషువా 1941లో గబ్బిలాన్ని కాశీలోని శివునికి రాయబారిగా పంపాడు, తరువాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. రెండూ తెలుగువారందరి కోసం రాసినవే. మనవాళ్లు మనవాళ్ల కోసమే రాసుకోవడం మొదలైతే ప్రార్థన వచ్చిన చోట ఎవరూ ఆపరు. ఆపకపోతే ఆ ప్రార్థన కథకు అవసరమా, అలవాటుగా వచ్చి కూర్చున్నదా అన్నది రచయితకు ఎలా తెలుస్తుంది? మాస్టారూ, ఆ సమావేశంలో మీకు తగిలిన మాట కటువైనదే కావచ్చు, కాని ఆ సమావేశాన్ని వదలకండి.

కాజీపేట_కేబిన్:
వదలమని నేనూ అనలేదు, అన్నగారూ. అయితే ప్రార్థన వచ్చిన ప్రతిచోటా ప్రచారమనే పాఠకుడికి, అవసరమైన ప్రార్థనకూ అనవసరమైనదానికీ తేడా కనిపించదు. ఆ తేడా పట్టేది తానూ ప్రార్థన చేసేవాడే. మా బృందంలో అన్నిటికంటే నిర్దాక్షిణ్యంగా కొట్టివేతకు గురయ్యేవి చివరి పేజీలో జరిగే మారుమనస్సులే.

ఒకే విశ్వాసం కలవారు కలిస్తే మెచ్చుకోళ్లే ఉంటాయన్నది కూడా నిజం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో 1930, 40 దశకాలలో ఇంక్లింగ్స్ అనే మిత్రబృందం గురువారం రాత్రులు సి. ఎస్. లూయిస్ గదిలో కూడి రాతప్రతులు చదువుకునేది. లూయిస్ ఆంగ్లికన్, ఆ బృందంలోని మరో రచయిత టోల్కీన్ కాథలిక్కు. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే తన మహానవలను, అది 1954లో అచ్చు కావడం మొదలుకాక ఎన్నో ఏళ్ల ముందు నుంచే, అక్కడ చదివి వినిపించేవాడు. అది వినలేక విసుక్కున్న మిత్రుడూ ఆ గదిలోనే ఉన్నాడు. లూయిస్ పిల్లల కోసం రాసిన మాయాలోకపు కథలు టోల్కీన్‌కు నచ్చలేదు. అయినా ఇద్దరూ రాయడం మానలేదు.

కరీంనగర్_టీచరమ్మ:
పెద్దలందరికీ వందనాలు. నేను ఫాంటసీ రాస్తాను, సైన్స్ ఫిక్షన్ జోలికి పోను. కనుక నా కష్టాలు వేరు. అంతరిక్ష నౌకను పిల్లల ఆట అంటారు, మంత్రం వేసే పాత్రను మాత్రం పాపం అంటారు. బైబిలులోని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో సోదె చెప్పడం, మంత్రప్రయోగం నిషిద్ధమని స్పష్టంగా ఉన్నది, దానిని నేను తేలికగా తీసుకోను. అయితే కల్పన చేయడమే తప్పు అన్నప్పుడు నేను న్యాయాధిపతులు 9వ అధ్యాయం తెరిచి చూపిస్తాను. యోతాము గెరిజీము కొండ మీద నిలబడి, చెట్లన్నీ కలిసి తమకు రాజును కోరుకున్న కథ చెప్పాడు. ఒలీవ చెట్టు, అంజూరపు చెట్టు, ద్రాక్షావల్లి ఒప్పుకోలేదు, ముండ్లపొద ఒప్పుకున్నది. చెట్లు మాట్లాడవని యోతాముకూ తెలుసు, విన్నవారికీ తెలుసు. మా సంఘ కాపరి అయ్యగారు ఆ అధ్యాయం మళ్లీ చదివి, అయితే నీ కథలో ముండ్లపొద ఎవరు అని అడిగారు. నాకు ఆ సంవత్సరం దొరికిన మంచి ప్రశ్న అదే.

మంత్రం విషయంలో మా బృందం నిషేధం పెట్టలేదు, కాని ప్రతి రచయితనూ ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తున్నది, దాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని అడుగుతుంది. మనిషి తన ఇచ్ఛతో ఆత్మలను పిలిచి లోబరచుకోవడం ఒకటి, ఆ కల్పిత లోకంలోని ప్రకృతిధర్మమే వేరుగా ఉండడం మరొకటి. ఈ భేదం రాసేవారికి స్పష్టంగా ఉంటే చదివే తల్లిదండ్రులకూ స్పష్టమవుతుంది.

ఇంతకంటే బరువైన సంగతి మరొకటి ఉంది. దూరదేశపు క్రైస్తవ ఫాంటసీలను చదివి అదే నమూనాలో మన గడ్డ మీద కథ అల్లేవారు, అక్కడి చెడ్డ దేవతల స్థానంలో ఇక్కడి గ్రామదేవతలను పెడుతున్నారు. అటువంటి రాతప్రతి ఒకటి మా ముందుకు వచ్చినప్పుడు చాలా పెద్ద చర్చ జరిగింది. అడవి తల్లి పేరుతో ఉన్న ఆ దుష్టపాత్ర మేడారం వైపు చూపుతున్నదని ఎవరూ వివరించనక్కరలేదు. రెండేళ్లకొకసారి జాతరకు వచ్చే జనం ఎవరు? మన పొరుగువారు, మన పిల్లల స్నేహితులు, మనలో కొందరికి మేనమామలు, మేనత్తలు. సమ్మక్క, సారలమ్మలు కోయలకు కాకతీయ సైన్యాన్ని ఎదిరించి మరణించిన వీరవనితలు కూడా. వారు మొక్కే తల్లిని రాక్షసిగా చిత్రించడం సువార్త కాదని, మొదట అది కథగానే అన్యాయమని మాలో చాలామంది అన్నాము. రాసిన తమ్ముడు కొంత కాలం మౌనంగా ఉండి, చివరకు దుష్టత్వాన్ని ఒక వడ్డీ వ్యాపారి ఇంట్లో పెట్టి రాశాడు. అప్పుడు ఆ కథకు బలం వచ్చింది. మాస్టారూ, మీకు వచ్చిన ఆహ్వానం ఏ బృందం నుంచో నాకు తెలియదు. అక్కడ ఇటువంటి విషయం వచ్చినప్పుడు ఏమి చేశారో అడిగి తెలుసుకోండి. బృందం ఎటువంటిదో నియమావళి కంటే ఆ జవాబు బాగా చెబుతుంది.

గోదావరిఖని_క్యాప్‌ల్యాంప్:
టీచరమ్మ గారు చెప్పిన తమ్ముణ్ణి నేను కాదు కాని, నాకూ అటువంటి పాఠమే జరిగింది. మా నాన్న సింగరేణిలో బొగ్గు బాయి పని చేశారు. నా నవల ఇప్పుడు భూమి అడుగున సాగుతుంది. మొదటి ప్రతికి నేను ఇంగ్లీషులో రాసిన సారాంశాన్ని బృందంలోని విదేశీ సభ్యులు చదివి, మీ ఇంటి పరిసరాలలో ఉన్నది వదిలి మంచు కోటలు ఎందుకని అడిగారు. ప్రాణహిత, గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు శాకాహార డైనోసార్‌కు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నది. మనం తవ్వే బొగ్గు అంతకంటే పాతది, పెర్మియన్ కాలానిది. ఇవి ఉండగా అగ్ని కక్కే డ్రాగన్‌ను అరువు తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

తెలుగులో రాయడం గురించి మాస్టారు అడిగారు. ఇంగ్లీషు బృందంలో కథ నడక, పాత్రలు, లోకనిర్మాణం గురించి సారాంశం ఆధారంగా మంచి సలహాలు దొరుకుతాయి, తెలుగు వాక్యం గురించి మాత్రం దొరకవు. వాక్యం కోసం తెలుగు చదివే ఇద్దరు, ముగ్గురినైనా వెతుక్కోవాలి. నేను రెండుచోట్లా ఉన్నాను.

హనుమకొండ_ఫిజిక్స్:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం లెక్క చదివి నా రాతప్రతి మళ్లీ తెరిచాను. నా సంఘం కూడా ఏ ఆదివారమని అడగకుండానే ఆరాధిస్తున్నది. రాతప్రతి భద్రత గురించి మాత్రం ఇంకా సంకోచం ఉంది. నా ఆలోచనను ఎవరైనా తీసుకుని ముందుగా అచ్చు వేస్తే ఏమి చేయాలి?

కోర్టు_రోడ్డు_వకీలు:
మాస్టారూ, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన కాగితం మీదనో కంప్యూటర్‌లోనో రూపం పొందిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అయితే రక్షణ మీరు రాసిన రూపానికే గాని ఆలోచనకు కాదు. అంగారకుడి మీద తెలుగు సంఘం అన్న ఊహ మీద ఎవరికీ హక్కు లేదు. రాతప్రతులు ఎప్పుడు, ఎవరికి పంపారో తెలిసేలా ఈమెయిల్‌లు దాచుకోండి. సభ్యులు మాత్రమే చూడగలిగేచోట పెట్టడం వేరు, అందరికీ తెరిచి ఉన్నచోట పెట్టడం వేరు. రెండవదానిని చాలా పత్రికలు ముందే ప్రచురితమైనదిగా పరిగణించి తిరస్కరిస్తాయి. బృందం పేరుతో సంకలనం వేస్తామని రచయితల దగ్గర డబ్బు అడిగితే, ఎన్ని ప్రతులు, ఎవరికి హక్కు అన్నది రాతపూర్వకంగా లేకుండా ఇవ్వకండి. పుస్తకాన్ని గుర్తించే సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది, దానికి రుసుము అడిగేవారిని నమ్మకండి.

చౌరస్తా_డీటీపీ:
ఒక చిన్న మాట. మొదటి నుంచీ యూనికోడ్‌లో టైపు చేయండి. అను ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేనివారి ఫోన్లలో అర్థం లేని అక్షరాలుగా కనిపిస్తుంది, దానిని మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. అచ్చుకు ఇచ్చేటప్పుడు మార్చే పని ప్రెస్సువారు చూసుకుంటారు.

హనుమకొండ_ఫిజిక్స్:
చేరుతున్నాను. కథకుల సమావేశానికీ వెళతాను, వరంగల్ అన్నగారి మాట కాదనలేను. నియమం ప్రకారం ముందు ఇతరులవి చదవాలి కనుక, ఇక్కడివారిలో ఎవరైనా తమ అధ్యాయం ఇస్తే దానితోనే మొదలుపెడతాను. నాది మాత్రం పునరుత్థాన పండుగ (ఈస్టర్) అధ్యాయం దగ్గర ఆగింది. వసంత విషువత్తు (వసంతంలో పగలు, రాత్రి సమానమయ్యే రోజు) తరువాతి పున్నమి, ఆ పున్నమి తరువాతి ఆదివారం అన్నది భూమి మీది లెక్క. అంగారకుడికి చందమామలు రెండు, వాటిలో ఫోబోస్ 7 గంటల 39 నిమిషాలకొకసారి గ్రహాన్ని చుట్టి పడమట ఉదయిస్తుంది. ఏ పున్నమిని లెక్కించాలో నా పాత్రలు ఇంకా తేల్చుకోలేదు.

గోదావరిఖని_క్యాప్‌ల్యాంప్:
మాస్టారూ, నా రెండవ భాగంలో బాయి పైకప్పు పెద్ద మేర ఒక్కసారిగా కూలి, లోపలి గాలి తోసుకువచ్చి మనుషులను పడగొట్టే ఘట్టం ఉంది. మా నాన్న చెప్పింది విని రాశాను, ఒత్తిడి లెక్క మాత్రం సరిచూసినవారు లేరు. అది ఈ రాత్రి పంపుతాను. మీ పండుగ అధ్యాయం పూర్తి కాకపోయినా ఉన్నంతవరకు పంపండి, రెండు చందమామల సంగతి టీచరమ్మ గారితో కలిసి చదువుతాము.