ఊరి గుడి అర్చకుడు ఊళ్ళోనే కాపురం ఉండాలా?

పాకాల రైతు:
మాది పాకాల దగ్గర పల్లె. పాత శివాలయం, దేవాదాయ శాఖ కింద ఉంది. అర్చకస్వామి తిరుపతిలో అద్దెకుంటారు. పొద్దున్నే బండిమీద వచ్చి, అభిషేకం, నైవేద్యం అయ్యాక తొమ్మిదిలోపే తాళం వేసి వెళ్ళిపోతారు. సాయంత్రం దీపం మా వీధి కుర్రాళ్ళే బయట గూట్లో పెడుతున్నారు. మొన్న పెద్దమనుషులు కూర్చుని, 'ఊళ్ళో ఉంటే ఉండమనండి, లేదంటే ఇంకొకరిని చూసుకుందాం' అని తేల్చేశారు. నాకు మనసొప్పడంలేదు. మీ ఊళ్ళలో ఎట్లుంది?

చంద్రగిరి:
వాళ్ళు తేల్చింది న్యాయమే. శివుడికి ప్రదోషవేళ ముఖ్యం, ఆ వేళకే తాళం పడితే ఎట్లా? మా చిన్నప్పుడు స్వామి ఇల్లు గుడి పక్కనే. బిడ్డకు దడుపు జ్వరమొచ్చి అర్ధరాత్రి తలుపు తట్టినా విభూతి పెట్టి పంపేవాడు. ముహూర్తాలకైనా, బావి తవ్వడానికైనా ఆయన్నే అడిగేది. ఊరి మంచిచెడ్డల్లో లేని మనిషి ఊరి అర్చకుడు ఎట్లవుతాడు?

అర్చకుల ఇంటి బిడ్డ:
అన్నా, మీరు చెప్పిన స్వామిలాంటివాడే మా తాత. ఆయన ఊళ్ళో ఉండగలిగింది గుడి మాన్యం ఉండబట్టి. మాన్యం వడ్లు ఇంటికొచ్చేవి, కళ్ళంలో రైతులిచ్చే మేర అదనం. చాలా చోట్ల ఆ భూములు ఎప్పుడో చేతులు మారిపోయాయి. 1987 దేవాదాయ చట్టం మిరాశీని, అంటే వంశపారంపర్య అర్చకత్వ హక్కుని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. పుట్టుకతో వచ్చే హక్కు పోవడం తప్పని నేననను. దాంతోపాటు పోయిన బతుకుతెరువు సంగతే ఎవరికీ పట్టలేదు.

2007లో ధూపదీప నైవేద్యం పథకం వచ్చింది, రాబడి లేని చిన్న గుళ్ళకు సర్కారు నెలనెలా డబ్బిచ్చేది. నెలకు 5 వేలున్నదాన్ని 10 వేలు చేస్తామని 2024లో ప్రకటించారు. సంతోషమే. కానీ అదంతా జీతం కాదు, నూనె, వత్తులు, కర్పూరం, నైవేద్యం బియ్యం కూడా అందులోనే. మా అమ్మ ఇంటి బియ్యం డబ్బాలోంచే దేవుడికీ కొలిచేది. నెలాఖరుకి గర్భగుడి దీపానికి నూనె మిగలాలని నాన్న ప్రాకారంలో దీపాలు మానేసేవాడు. సోమవారం హారతి పళ్ళెంలో కాస్త చిల్లర పడేది, మంగళవారం అదీ లేదు.

సెలవన్నది లేని పని. ఇంట్లో మైల వస్తే పదిరోజులు గుడి మెట్టెక్కకూడదు. ఆ పదిరోజులకు ఇంకొకరిని అర్చకుడే వెతికి తెచ్చుకుని, సంభావనా ఆయనే ఇచ్చుకోవాలి. ఊళ్ళో ఎవరైనా పోతే శవం ఎత్తేదాకా నైవేద్యం లేదు, అంతదాకా నాన్నకూ పస్తే. 'పల్లెలో పూజారి' అంటే పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రావడంలేదు. ధర్మగిరి వేద పాఠశాలలో ఆగమం చదివిన కుర్రాడు బెంగళూరు గుడికి పోతున్నాడంటే తప్పు వాడిదేనా?

సాయంత్రం దీపం లేకపోతే నాకూ బాధే. ఊళ్ళో ఉండమని అడగండి, కాకపోతే ముందు ఇల్లు చూపించి అడగండి. ఇంకొకరిని తెచ్చినా ఇదే డబ్బుకు ఆయన కూడా తిరుపతిలోనే ఉంటాడు.

పుంగనూరు:
మా గంగమ్మ గుడి పూజారికి రూపాయి జీతం లేదు. అయినా ఊళ్ళోనే ఉన్నాడు. మనసుంటే అన్నీ కుదురుతాయి.

అర్చకుల ఇంటి బిడ్డ:
ఆయనకు సొంత పొలమో, పాడో ఉందా? ఉంటే నా మాటకు ఆయనే సాక్ష్యం.

పుంగనూరు:
రెండెకరాలు మామిడి, మూడు ఆవులు. డెయిరీకి పాలు పోస్తాడు. మీరన్నది నిజమే.

పాకాల రైతు:
గుడి వెనక అర్చకుల పాత ఇల్లొకటి ఉంది. పెంకులు పడిపోయాయి కానీ గోడలు గట్టివే. ఊరంతా చందా వేసి బాగుచేయించవచ్చా?

అర్చకుల ఇంటి బిడ్డ:
ముందు ఆ స్థలం 43 రిజిస్టర్‌లో, అంటే గుడి ఆస్తులు రాసే పుస్తకంలో, గుడి పేరున ఉందేమో దేవాదాయ శాఖ ఇన్‌స్పెక్టర్ దగ్గర చూడండి. ఉంటే అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే పని మొదలుపెట్టండి. తర్వాత పెద్దమనుషుల్ని పంపకుండా మీరే వెళ్ళి స్వామితోనూ, ఆయన భార్యతోనూ మాట్లాడండి. పిల్లల బడి బస్సు మీ ఊరిదాకా వస్తుందా అని ఆమె మొదటే అడుగుతుంది, అది కనుక్కుని వెళ్ళండి.