ఎడమ చేత్తో పిస్టల్: గురి కుడికి, కిందికి పోతోంది

కుడి మణికట్టుకి సర్జరీ అయింది, ఇంకో మూడు నెలలు దాంతో పిస్టల్ ముట్టుకోవద్దన్నారు డాక్టర్. అందుకే షూటింగ్ రేంజ్‌లో ఎడమ చేత్తోనే, ఒంటిచేత్తో కాలుస్తున్నా. 9 ఎంఎం, దూరం 7 మీటర్లు. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) ఎడమ నడుముకి మార్చా, మ్యాగజైన్ (బుల్లెట్లుండే డబ్బా) ఊడదీసే బటన్ చూపుడు వేలితో నొక్కుతున్నా, వాటితో పేచీ లేదు. బుల్లెట్లే దాదాపు అన్నీ కిందికి, కుడి పక్కకి పోతున్నాయి.

డ్రై ఫైర్‌లో, అంటే బుల్లెట్ లేకుండా ట్రిగ్గర్ లాగితే, ఫ్రంట్ సైట్ (గొట్టం చివర గురికి ఉండే ముక్క) కదలదు. అసలు బుల్లెట్ల మధ్యలో పేలని డమ్మీ రౌండ్ వస్తే మాత్రం ట్రిగ్గర్ లాగగానే గొట్టం కాస్త కిందికి వాలుతోంది. పట్టు బిగించి చూశా, వేలు వణకడం తప్ప ఒరిగిందేమీ లేదు. పైగా నాకు గురి చూసే కన్ను కుడిదే, దానికోసం తల ఎడమకి తిప్పితే మెడ పట్టేస్తోంది, పిస్టల్‌ని కొంచెం లోపలికి వంచితే కాస్త నయం.

ఇలా ఎడమ చేతికి మారినవాళ్లు చెప్పండి, కుడి కన్నుతోనే కొనసాగారా, లేక కళ్లద్దాల్లో కుడి గ్లాస్‌కి టేప్ అంటించి ఎడమ కన్నుని అలవాటు చేసుకున్నారా?