మాంద్యం నుంచి అమెరికాను గట్టెక్కించింది రూజ్‌వెల్టా, యుద్ధమా?

గోదారిగట్టు:
1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా గద్దెనెక్కేనాటికి, ఆర్థిక మాంద్యం దెబ్బకి అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేదు. ప్రభుత్వ ఖర్చుతో పనులు పుట్టించే ‘న్యూడీల్’ కార్యక్రమం అంటూ ఏడేళ్లు హడావుడి చేశాక కూడా, 1940లో నిరుద్యోగం 14 శాతం పైనే. రెండో ప్రపంచ యుద్ధం ఆర్డర్లు వచ్చాక 1944కల్లా 1.2 శాతానికి దిగింది. మరి ఈయనకి అంత పేరెందుకు?

పాతరేడియో:
ఆ 14 శాతంలో ఓ తిరకాసు ఉందండీ. ప్రభుత్వం కూలి ఇచ్చి రోడ్లు వేయించినవాళ్లనీ, బడులు కట్టించినవాళ్లనీ కూడా నిరుద్యోగుల కిందే రాసేశారు. వాళ్లని తీసేస్తే 10 శాతం లోపే. అదీ తక్కువేం కాదనుకోండి.

నేను ఆయనకి మార్కులు వేసేది మొదటి తొమ్మిది రోజులకి. మార్చి 4న ప్రమాణం. జనం డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడుతుంటే 6న దేశమంతా బ్యాంకులు మూయించాడు. 9న బ్యాంకులను చక్కదిద్దే చట్టం తెచ్చాడు. 12న, ఆదివారం రాత్రి, రేడియోలో కూర్చుని బ్యాంకు మన డబ్బుతో ఏం చేస్తుందో, అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎందుకివ్వలేదో ఇంట్లో పెద్దాయనలా విడమరిచి చెప్పాడు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుస్తుంటే జనం క్యూ కట్టింది దాచుకున్న డబ్బు తిరిగి వేయడానికి! ఆ ఏడాదే డిపాజిట్లకి బీమా పెట్టారు. మన దేశంలో అలాంటిది 1962లో వచ్చింది, ఇప్పుడు 5 లక్షల దాకా వర్తిస్తుంది.

గోదారిగట్టు:
బ్యాంకుల సంగతి సరే. 1937లో కాస్త తెరిపిన పడగానే బడ్జెట్ సరిచేస్తానని ఖర్చు కోసేశాడు కదా? మళ్లీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

పాతరేడియో:
అది తప్పే. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కూడా అప్పుడే బ్యాంకుల చేతులు బిగించింది. కానీ మీ వాదన మీకే ఎదురు తిరుగుతోంది. యుద్ధంలో ప్రభుత్వం చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టింది, పనులు పుట్టాయి. అంటే న్యూడీల్ మందు తప్పు కాదు, మోతాదు చాలలేదు.

నల్లరేగడి:
ఇద్దరూ డబ్బు లెక్కల్లోనే ఉన్నారు. 1942 ఫిబ్రవరిలో ఆయన పెట్టిన సంతకంతో పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లు శిబిరాల పాలయ్యారు. ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులే. జపాన్ బాంబులు పడింది హవాయిలో. అక్కడ మాత్రం ఇలా మూకుమ్మడిగా తరలించలేదు, వాళ్లు లేకపోతే పనులు ఆగిపోతాయి కాబట్టి. ఇది ఏ ఖాతాలో రాస్తారు?

పాతరేడియో:
ఆయన ఖాతాలోనే. ప్రభుత్వ న్యాయ వ్యవహారాలు చూసే తన సొంత అటార్నీ జనరల్ బిడిల్ వద్దంటున్నా పెట్టిన సంతకం అది. దాన్ని నేను వెనకేసుకు రాను.