చల్లారిన గాలి చిక్కుతుందా, చిక్కబడుతుందా?

విజయవాడ నుంచి, ప్రశ్న అడిగినవారు:

పెద్దలకు నమస్కారం. పదిహేను రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. రెండేళ్ల క్రితం మా టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే యంత్రం) ఉన్న డీజిల్ కారు ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వదులుతూ పికప్ కోల్పోవడంతో, ఆటోనగర్‌లోని ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి పెద్ద మెకానిక్ ముందు బంపరు విప్పి, టర్బో నొక్కిన వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌ను దించి ఒక పక్కకు వంచగానే, అందులో నుంచి టీ గ్లాసుకు సరిపడా నల్లటి ఆయిల్ కారింది. దాన్ని చూపిస్తూ ఆయన అన్న మాట నాకు ఇలా గుర్తుంది: "గాలి చల్లారితే చిక్కుద్ది, చిక్కితేనే బండికి బలం." పక్కన కంప్రెసర్ మోగుతున్నందువల్ల రెండో భాగంలో ఆయన "చిక్కితేనే" అన్నారో "చిక్కబడితేనే" అన్నారో తేల్చుకోలేకపోతున్నాను. ఈ ఆదివారం ఆ ఇంటర్‌కూలర్‌ను నేనే శుభ్రం చేద్దామని పూనుకోవడంతో ఆ మాట మళ్లీ మెదిలింది. చిక్కడమంటే సన్నబడటం కదా, సన్నబడిన గాలి బండికి బలమెలా ఇస్తుంది?

కడప నుంచి:

ఇందులో సందేహానికి తావు లేదు. ఆయన అన్నది "చిక్కబడితేనే" అయి ఉంటుంది, నడుమనున్న "బడి" అనే రెండక్షరాలను కంప్రెసర్ మింగింది. పాలు కాగితే చిక్కబడతాయి, గాలి చల్లారితే చిక్కబడుతుంది, దారులు వేరైనా ఫలితం ఒక్కటే. మనిషి జ్వరం వచ్చి చిక్కుతాడు, గాలికి జ్వరం తగ్గితే చిక్కడమేమిటి?

వరంగల్ నుంచి:

కడప వారి తీర్పు తొందరపాటుగా ఉన్నది. పాత రాతప్రతుల పాఠపరిష్కరణ చేసేవారు రెండు పాఠాలు ఎదురైనప్పుడు తేలికగా అర్థమయ్యే దానికన్నా కష్టమైన పాఠానికే ఎక్కువ విలువ ఇస్తారు, ఎందుకంటే లేఖకుడు కఠినమైన మాటను సులువు చేస్తాడే తప్ప సులువైన దాన్ని కఠినం చేయడు. ఆ లెక్కన "చిక్కితేనే" అన్నదే మూలపాఠం. పైగా అది తప్పు కూడా కాదు. టర్బో నొక్కిన గాలి 120 డిగ్రీల వేడితో ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లి 50 డిగ్రీలతో బయటికి వచ్చిందనుకుందాం. 273 కలిపి చెప్పే కెల్విన్ లెక్కలో అవి 393, 323. పీడనం మారలేదని అనుకుంటే, లోపలికి 100 లీటర్లుగా వెళ్లిన గాలి 82 లీటర్లై బయటికి వస్తుంది. అంటే గాలి చిక్కింది, జ్వరం తగ్గిన తరువాతే చిక్కింది. అదే గాలి సాంద్రతను చూస్తే సుమారు 22 శాతం పెరిగింది, అంటే చిక్కబడింది. ఒకే ధాతువు ఒకవైపు కృశించడాన్నీ మరోవైపు సాంద్రమవడాన్నీ ఎట్లా చెప్పగలుగుతున్నదో ఆ ఇంటర్‌కూలర్‌లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. పరిమాణం చిక్కితేనే పదార్థం చిక్కబడుతుంది.

నెల్లూరు నుంచి:

వరంగల్ వారి లెక్క అందంగా ఉంది కాని, ఇంజన్ పక్కన నిలబడి చూస్తే దానిలో సగమే పనికొస్తుంది. సిలిండరు ప్రతిసారీ ఒకే పరిమాణంలో గాలిని మింగుతుంది కనుక, గాలి ఎంత చిక్కిందన్నది దానికి పట్టదు, మింగిన ఆ కాస్తలో ఎంత ప్రాణవాయువు ఉన్నదన్నదే పడుతుంది. అది తగ్గినప్పుడు డీజిల్ పూర్తిగా కాలక నల్ల పొగగా పోతుంది. కాబట్టి నా ఓటు "చిక్కబడు" వైపే. అయితే మీరెవరూ తలచుకోని మరో అర్థం ఉంది. దూడ మూతికి కట్టే అల్లికను చిక్కం అంటాం. ఇంటర్‌కూలర్ రేకుల జాలి కూడా చిక్కం లాంటిదే, అందులో రోడ్డు మీది బురద, ఎండుటాకులు, పురుగులు చిక్కుతాయి. మెకానిక్ "చిక్కుద్ది" అన్నది గాలి గురించి కాక మురికి గురించి అయి ఉండవచ్చునని నా అనుమానం.

ప్రశ్నించినవారు ఆదివారం పని మొదలుపెట్టేలోగా ఒక మాట. జాలి బయటి మురికిని ఇంజన్ వైపు నుంచి ముందుకు తోసేటట్లు మామూలు గొట్టం నీటితోనే కడగండి. సర్వీసు స్టేషన్‌లోని ప్రెషర్ గన్నును దగ్గరగా పెడితే అల్యూమినియం రేకులు ఒరిగిపోయి, గాలి దారి మూసుకుపోతుంది. లోపలి ఆయిల్‌కు కిరోసిన్ పోసి, రెండు మూతులు మూసి, అటూ ఇటూ ఊపి పారబోయండి, అది తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. కాస్టిక్ సోడా జోలికి వెళ్లకండి, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆరబెట్టడం. లోపల కిరోసిన్ గాని ఆయిల్ గాని నిలిచి ఉండి సిలిండర్లలోకి చేరితే, డీజిల్ ఇంజన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటూ, తాళం తిప్పి ఆపినా ఆగకుండా పరుగెత్తగలదు.

రాజమహేంద్రవరం నుంచి:

చిక్కం దాకా వెళ్లినవారు వేమన్నను ఎలా మరిచారు? "చిక్కియున్న వేళ" సింహాన్ని బక్క కుక్క కరిచే పద్యంలో, ఆ సింహం బోనులో చిక్కిందా, తిండి లేక చిక్కిందా అన్నది మా తండ్రిగారికీ ఆయన మిత్రులకూ మధ్య ఏళ్ల తరబడి సాగిన వాదం. మూడో పాదంలో "బలిమి" లేకపోవడం గురించి ఉన్నది కనుక కృశించడమే సరియని నాన్నగారు, బోనులో పడ్డ సింహానికీ బలిమి చెల్లదు గదాయని ఆయన మిత్రులు. ఇక పోతన్నగారు యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టిన కందంలో, సిరి కౌగిట చిక్కనివాడు, యోగుల చిత్తాలకు చిక్కనివాడు, వేదాలకు చిక్కనివాడు అని మూడుసార్లు కాదని చెప్పి, నాలుగోసారి తల్లి చేతికి చిక్కాడంటాడు. ఒకే క్రియను నాలుగుసార్లు వాడినా విసుగు పుట్టని పద్యమది. ఆ ఇంటర్‌కూలర్‌లో చిక్కని ఆయిల్ చిక్కుకొని ఉండగా, గాలి చిక్కబడక బండి చిక్కిపోయిందని ప్రశ్నించినవారు ఒక్క వాక్యంలో రాసి ఉంటే ఈ చర్చే అక్కర లేకపోయేది.

డాలస్ నుంచి:

ఇంటర్ అనే మాటనే ముందు ప్రశ్నించాలి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో టర్బోకు పేటెంట్ పొందాడు. ఇంటర్‌కూలర్ అన్న పేరు మాత్రం గాలిని రెండు దఫాలుగా నొక్కే యంత్రాలలో ఆ రెంటికీ నడుమ పెట్టే శీతలకానిది. మన కార్లలో గాలిని నొక్కడం ఒక్క దఫాలోనే ముగుస్తుంది కనుక అది నిజానికి అనంతర శీతలకం. శుభ్రం చేయడంతో ఆగక మెరుగుపరచాలనుకునేవారు పెద్ద జాలి కొంటున్నారు. దాని లోపలి ఖాళీ పెరిగే కొద్దీ అది గాలితో నిండడానికి పట్టే వ్యవధి పెరిగి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి ఆలస్యంగా స్పందిస్తుంది. బండి కంప్యూటరులో డీజిల్ మోతాదును మార్చకుండా జాలిని మాత్రమే పెంచితే లాభం స్వల్పం. అంతకన్నా జాలి అంచులకూ బంపరుకూ మధ్యనున్న సందులను స్పాంజితో మూసి, ఎదురుగాలి పక్కల నుంచి తప్పించుకోకుండా చేయడం చౌక. ఇక్కడ కూడా గాలి చిక్కాలి, నెల్లూరు వారి అర్థంలో.

కడప నుంచి:

చిక్కు అన్నవి ఒకటి కాదు, రెండు ధాతువులని నా నమ్మకం. కృశించడం కన్నడంలోని చిక్క, అంటే చిన్న అన్న మాటకు దగ్గర. చిక్కదనానికి తమిళంలో గట్టిగా అన్న అర్థమున్న సిక్కెన చుట్టం. వరంగల్ వారు రెంటినీ ఒకే ఇంటర్‌కూలర్‌లో పోసి కలిపారు.

విజయవాడ నుంచి, ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పని ముగిసింది. కిరోసిన్ నాలుగోసారికి తేటపడింది, మూడు రోజులు ఎండలో ఆరబెట్టాను. టర్బో నుంచి వచ్చే రబ్బరు హోసు క్లాంపు కింద వేలి గోరంత చీలిక కనబడింది. నల్ల పొగకు ఆయిల్ కన్నా అదే ఎక్కువ కారణమని, బిగించిన తరువాత ఎత్తు ఎక్కి చూస్తే అర్థమైంది. కారిన ఆయిల్ ఈసారి ఒక చెంచాకు మించలేదు. ఇంజన్ ఊపిరి గొట్టం నుంచి వచ్చే తుంపర కొంత పేరుకోవడం సహజమేనట, గ్లాసుడు వస్తేనే టర్బో సీళ్లను అనుమానించాలట. ఇవన్నీ చెప్పిన ఆ మెకానిక్ గారికి ఫోన్ చేసి, "చిక్కితేనే అన్నారా, చిక్కబడితేనే అన్నారా?" అని అడిగాను. "చల్లారితే అని ఉండనండి, చల్లార్చితే అని ఉంటాను, దానంతటది చల్లారదు గదా" అన్నారు.

వరంగల్ నుంచి:

అయితే మొదటి భాగమే తప్పుగా విన్నారన్నమాట. చల్లారడంలోని "చల్ల" మా దిక్కున మజ్జిగకు పేరు, అది పలచన. మరి చల్లార్చిన గాలి చిక్కన ఎట్లా అయిందో కడప వారు సెలవివ్వాలి.