అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ లేవట్లేదు

నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌ని ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 నుంచి 24.04కి మారుస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఇప్పుడు నల్లటి తెర మీద ఎడమ మూల చిన్న గీత మిణుకుమంటోంది, అంతే. అమ్మ పెళ్లి ఫోటోలు స్కాన్ చేసి అందులోనే పెట్టారు, వేరే కాపీ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారుపడి ఫార్మాట్ మాత్రం చేయకండి. ముందు ఫోటోలు. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారు చేసి, దానితో ఈ ల్యాప్‌టాప్‌ని బూట్ చేసి, ‘ట్రై ఉబుంటు’ ఎంచుకోండి. హోమ్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి.

మరో జవాబు: ఆ తర్వాత ఆన్ చేస్తూ షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) అయితే ఎస్కేప్. వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, రికవరీ మోడ్, అందులో డీపీకేజీ (dpkg) ఎంచుకోండి. సగంలో ఆగిన ప్యాకేజీలను సరిచేసేది అదే.

ఫోటోలన్నీ వచ్చేశాయండి! డీపీకేజీకి ఇంటర్నెట్ కోసం వైఫై చాలా?

జవాబు: రికవరీలో వైఫై మామూలుగా అందదండి, నెట్ కేబుల్ పెట్టండి.